ఫలితాల రోజున మెయిళ్లన్నీ 421 దగ్గరే ఆగిపోతున్నాయి: ఈ తాత్కాలిక రేటు పరిమితిని ఎలా అర్థం చేసుకోవాలి?

పరీక్షల_విభాగం

మాది ఒక ఇంజినీరింగ్ కళాశాల. సెమిస్టర్ ఫలితాలు వెలువడిన రోజున ప్రతి విద్యార్థికి అతని మార్కుల మెమోను పీడీఎఫ్ రూపంలో మెయిల్ చేస్తాం. మొత్తం సుమారు 6200 మెయిళ్లు ఉంటాయి, వాటిలో అత్యధికం జీమెయిల్ చిరునామాలకే వెళ్లాలి. అద్దెకు తీసుకున్న ఒక వీపీఎస్ (వర్చువల్ సర్వర్) మీద పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రాం నడుస్తోంది. పంపడం మొదలుపెట్టిన కాసేపటి వరకు అంతా సాఫీగానే సాగుతుంది, ఆ తరువాత లాగ్ నిండా ‘డెఫర్డ్’ (వాయిదా పడింది) అన్న మాటే కనిపిస్తుంది.

వచ్చే సమాధానాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది 421 4.7.28: మా ఐపీ (సర్వర్ ఇంటర్నెట్ చిరునామా) నుంచి అవాంఛిత మెయిల్ అసాధారణ వేగంతో వస్తున్నదని, అందువల్ల తాత్కాలికంగా పరిమితి విధించామని దాని సారాంశం. రెండవది 450 4.2.1: మీరు సంప్రదించదలచిన వ్యక్తికి మరీ వేగంగా మెయిళ్లు వస్తున్నాయని దాని సారాంశం. ఒక విద్యార్థికి వెళ్లేది ఒకే మెయిల్ అయినప్పుడు అది ‘మరీ వేగం’ ఎలా అవుతుందో నాకు బోధపడలేదు. మార్కుల మెమోను అవాంఛితమని ఎవరంటారన్నది మరొక సందేహం (సబ్జెక్టులు తప్పినవారి సంగతి నేను చెప్పలేను).

ఆగిన మెయిళ్లు పోయినట్టేనా, మళ్లీ పంపాలా? ఐపీ మార్చేస్తే సరిపోతుందని మా పైవారు అంటున్నారు. అది ఎంతవరకు సరైన మార్గం?

లాగ్_చదువరి

మళ్లీ పంపకండి. మెయిళ్లు ఎక్కడికీ పోలేదు, మీ సర్వర్ క్యూలోనే ఉన్నాయి. ఇప్పుడు మీరు రెండోసారి పంపితే పరిమితి తొలగిన తరువాత ప్రతి విద్యార్థికి రెండేసి మెమోలు చేరతాయి, ఆ రెండింతల రద్దీ వల్ల పరిమితి ఇంకా బిగుసుకుంటుంది.

సమాధానంలోని మొదటి అంకెను చూడటం అలవాటు చేసుకోవాలి. 1982లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 821 (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) కాలం నుంచి, సర్వర్లు మెయిల్ పంపుకునే నియమావళి అయిన ఎస్‌ఎంటీపీలో ఈ పద్ధతి మారలేదు. 2తో మొదలైతే స్వీకరించినట్టు, 5తో మొదలైతే శాశ్వతంగా తిరస్కరించినట్టు, 4తో మొదలైతే ‘ఇప్పుడు కాదు, తరువాత రండి’ అన్నట్టు. 4 వచ్చినప్పుడు మెయిల్‌ను దాచుకొని తిరిగి ప్రయత్నించే బాధ్యత పంపే సర్వర్‌దే. ఆర్‌ఎఫ్‌సీ 5321 ప్రకారం ఆ ప్రయత్నాల మధ్య విరామం సాధారణంగా కనీసం 30 నిమిషాలు ఉండాలి, వదులుకునే ముందు కనీసం 4-5 రోజులు చూడాలి. పోస్ట్‌ఫిక్స్ తనంతట తానుగా 5 రోజులు చూస్తుంది, ఆ తరువాతే మెయిల్‌ను బౌన్స్ చేస్తుంది (పంపినవారికి తిప్పి పంపుతుంది).

ఇక చుక్కలతో విడగొట్టిన రెండో సంఖ్యలో నడిమి అంకె చాలా విలువైనది. 4.2.x అయితే సమస్య ఆ ఒక్క మెయిల్ పెట్టెకు సంబంధించినది. 4.7.x అయితే భద్రతకు, విధానానికి సంబంధించినది, అంటే అవతలివారు మిమ్మల్ని చూసి తీసుకున్న నిర్ణయం. కాబట్టి మీకు వచ్చిన రెండు సమాధానాలు ఒకే జబ్బుకు రెండు లక్షణాలు కావు, రెండు వేర్వేరు సమస్యలు. ఈ రెండింటినీ కలిపి చూసినంతకాలం పరిష్కారం దొరకదు.

రాత్రి_డ్యూటీ

సిద్ధాంతం బాగానే ఉంది కాని, ఫలితాల రోజున ఫోన్లు మోగుతుంటే ఐదు రోజులు ఎవరు ఆగుతారు? మా కార్యాలయంలో క్యూ నిలిచిపోయినప్పుడల్లా నేను ‘పోస్ట్‌క్యూ’ ఆదేశంతో ఫ్లష్ చేస్తాను, అంటే ఆగినవన్నీ వెంటనే మళ్లీ ప్రయత్నించమంటాను. కదిలే వరకు కొన్ని నిమిషాలకొకసారి చేస్తూనే ఉంటాను. చివరికి మెయిళ్లు వెళ్లాయి కదా.

క్యూ_కాపలాదారు

రాత్రి_డ్యూటీ గారూ, అవి మీరు ఫ్లష్ చేసినందువల్ల వెళ్లలేదు, ఫ్లష్ చేసినా వెళ్లాయి. తిరుమలలో సర్వదర్శనం కంపార్టుమెంటులో కూర్చున్నవారు తలుపు తట్టినంత మాత్రాన ముందుగా వదలరు. ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది: ప్రతి తట్టూ ఒక కొత్త కనెక్షన్‌గా లెక్కలోకి వెళుతుంది. వేగం ఎక్కువైందని ఆపినవారికి మరింత వేగం చూపించడమే ఫ్లష్ చేసే పని.

పోస్ట్‌ఫిక్స్ తన పద్ధతిలో తాను వెనక్కి తగ్గుతుంది. మొదటి వైఫల్యం తరువాత 300 సెకన్లు ఆగుతుంది. ఆపై మెయిల్ క్యూలో ఎంతసేపు ఉంటే విరామం అంత పెరుగుతూ గరిష్ఠంగా 4000 సెకన్ల దాకా వెళుతుంది. లాగ్‌లో ‘డెలివరీ టెంపరరిలీ సస్పెండెడ్’ అని వందల వరుసలు కనిపిస్తే చాలామంది కంగారు పడతారు. అవి అవతలివారు కొత్తగా తిరస్కరించినవి కావు. ఆ గమ్యం ఇప్పట్లో తీసుకోదని గ్రహించి పోస్ట్‌ఫిక్సే తన మెయిళ్లను అవతలి గుమ్మం వరకు తీసుకువెళ్లకుండా ఆపుకుంటోందని వాటి అర్థం. ఫ్లష్ ఆదేశం సరిగ్గా ఈ నిగ్రహాన్నే చెడగొడుతుంది. తరచుగా ఫ్లష్ చేస్తే మిగతా మెయిళ్ల పంపిణీ కూడా మందగిస్తుందని పోస్ట్‌ఫిక్స్ సొంత పత్రాలలోనే హెచ్చరిక ఉంది.

కరీంనగర్_కుర్రాడు

ఫ్లష్ ఆదేశాన్ని క్రాన్‌లో (ఆదేశాలను వేళకు తనంతట నడిపే ప్రోగ్రాం) నిమిషానికొకసారి పెట్టి, పైగా దానికి ‘సంజీవని’ అని పేరు పెట్టిన సహోద్యోగి మాకు ఒకరున్నారు. ఆ సర్వర్ ఇంకా కోలుకోలేదు.

రాత్రి_డ్యూటీ

నవ్వండి, పరవాలేదు. అయితే ఒక ప్రశ్నకు జవాబు చెప్పండి. మేము ఒక ప్రభుత్వ కార్యాలయానికి పంపే మెయిల్ మొదటిసారి ఎప్పుడూ 450తో ఆగుతుంది. ఐదారు నిమిషాల తరువాత ఫ్లష్ చేస్తే వెంటనే వెళుతుంది. అక్కడ నా పద్ధతి పని చేస్తున్నట్టే కదా?

లాగ్_చదువరి

అది రేటు పరిమితి కాదు, గ్రేలిస్టింగ్ అయి ఉంటుంది. 2003లో ఇవాన్ హారిస్ ప్రతిపాదించిన పద్ధతి అది. పంపే ఐపీ, పంపినవారి చిరునామా, అందుకునేవారి చిరునామా అన్న మూడింటి కలయిక కొత్తదైతే మొదటిసారి తాత్కాలికంగా తిరస్కరిస్తారు. సక్రమమైన సర్వర్ అయితే తిరిగి వస్తుంది, చాలా స్పామ్ యంత్రాలు తిరిగి రావు అన్నది ఆ ఆలోచన. పోస్ట్‌గ్రే అనే ప్రోగ్రాంలో ఆ గడువు మామూలుగా 300 సెకన్లు ఉంటుంది, కాబట్టి మీరు ఫ్లష్ చేయకపోయినా ఇంచుమించు అదే సమయానికి పోస్ట్‌ఫిక్స్ మళ్లీ ప్రయత్నించి ఉండేది.

రెండింటినీ వేరు చేసి గుర్తించడానికి నేను ఒకే విషయం చూస్తాను. కొత్త చిరునామాకు పంపే మొదటి మెయిల్ ఆగి, తరువాతివి వెంటనే వెళితే అది గ్రేలిస్టింగ్. మొదటివి వెళ్లి తరువాతివి ఆగితే అది రేటు పరిమితి.

చిన్న_హోస్టింగ్

ఇంకొక సంగతి ఎవరూ అడగలేదు: ఆ సమాధానం ఎవరి నుంచి వచ్చింది? నేను చిన్న వ్యాపారుల వెబ్‌సైట్లు చూసుకుంటాను. నా దగ్గరకు ‘రేటు పరిమితి’ అంటూ వచ్చేవారిలో చాలామందికి అవతలి సర్వర్‌తో సంబంధమే ఉండదు, వారి మెయిల్ సొంత హోస్టింగ్ గడపే దాటి ఉండదు. షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ను చాలామంది పంచుకునేది) ఒక్కో డొమైన్ గంటకు ఇన్ని మెయిళ్లే పంపాలని హోస్టింగ్ సంస్థ పరిమితి పెడుతుంది. సీప్యానెల్ అనే హోస్టింగ్ నిర్వహణ ప్రోగ్రాంలో అదనంగా మరొకటి ఉంటుంది: గంటలో ఆగిన, విఫలమైన మెయిళ్ల శాతం ఒక హద్దు దాటితే ఆ డొమైన్ నుంచి మెయిళ్లను పంపనివ్వదు, ‘మ్యాక్స్ డెఫర్స్ అండ్ ఫెయిల్యూర్స్ పర్ అవర్’ అన్న మాట చూపిస్తుంది.

ఈ మధ్య ఒక స్వీట్ల దుకాణం వారికి ఇదే వచ్చింది. వారు రోజుకు పట్టుమని పది బిల్లులు కూడా మెయిల్ చేయరు. చూస్తే, వెబ్‌సైటులోని సంప్రదింపు ఫారానికి క్యాప్చా లేదు. ఏదో యంత్రం అందులో లేని చిరునామాలు నింపుతూ పోతుంటే, వాటన్నిటికీ ‘మీ సందేశం అందింది, ధన్యవాదాలు’ అని వీరి డొమైన్ మర్యాదగా జవాబు పంపుతూ ఉంది. వారి పరిమితి పెంచమని హోస్టింగ్ వారిని అడిగి ఉంటే ఇంకా ఎక్కువ ధన్యవాదాలు వెళ్లేవి. ఆ స్వయం జవాబును ఆపి, ఫారానికి క్యాప్చా పెట్టాం, మరుసటి గంటకే సర్దుకుంది.

పరీక్షల_విభాగం

మాది వీపీఎస్ కాబట్టి అటువంటి గంట పరిమితి లేదు. చిన్న_హోస్టింగ్ గారు చెప్పినట్టు లాగ్ వరుసలను మళ్లీ చూశాను, రెండు సమాధానాలూ గూగుల్ సర్వర్ల నుంచే వచ్చాయి. మెయిల్ మా డొమైన్‌దేనని ధ్రువీకరించే ఎస్‌పీఎఫ్ (అనుమతించిన ఐపీల జాబితా), డీకిమ్ (డిజిటల్ సంతకం) రెండూ ఉన్నాయి, ఐపీకి పేరు చూపే పీటీఆర్ రికార్డు కూడా సరిగ్గానే ఉంది. లాగ్_చదువరి గారి మాట ప్రకారం రెండు రకాలనూ విడదీశాను. 450 4.2.1 వచ్చిన వరుసలన్నింటిలోనూ ఒకే జీమెయిల్ చిరునామా ఉంది. అది విద్యార్థిది కాదు, ‘పరీక్షల విభాగం నకలు’ కోసం ఎప్పుడో తెరిచిన పెట్టె. నేను ఈ పనిలో చేరక ముందు నుంచే ఉందట. అది ఈ వరుసలలోకి ఎలా వచ్చింది?

సున్నా_బౌన్స్

మీ పోస్ట్‌ఫిక్స్ అమరికల ఫైలు మెయిన్ డాట్ సీఎఫ్‌లో ‘ఆల్వేస్ బీసీసీ’ అన్న అమరిక ఉంటుంది, వెతకండి. సర్వర్ గుండా పోయే ప్రతి మెయిల్‌కు ఒక నకలును ఒకే చిరునామాకు పంపడం దాని పని. మీరు 6200 మెమోలు పంపితే ఆ ఒక్క పెట్టెకు 6200 నకళ్లు వెళతాయి. ఒక వ్యక్తి పెట్టెలో అంత వేగంగా మెయిళ్లు పడితే జీమెయిల్ ఆ పెట్టెకు పంపిణీని కాసేపు ఆపుతుంది, అదే 450 4.2.1. దీనికి మీ ఐపీ పేరుప్రతిష్ఠలతో పని లేదు, ఐపీ మార్చినా ఇది మారదు. నకళ్లు కావాలంటే అదే సర్వర్ మీద స్థానికంగా ఒక పెట్టె పెట్టి అందులో వేసుకోండి. అప్పుడు జీమెయిల్‌కు మీరు పంపే మొత్తం కూడా దాదాపు సగానికి పడిపోతుంది.

ఇక 421 4.7.28 గురించి ఒక అనుమానం. అందులో ‘అవాంఛిత మెయిల్’ అన్న మాటను మీరు మెమోలకు అన్వయించుకుంటున్నారు కాని, ఆ సమాధానం ఫలానా మెయిల్ గురించి చెప్పదు, ఆ ఐపీ నుంచి వచ్చే మొత్తం ప్రవాహం గురించి చెబుతుంది. ఆ సర్వర్ నుంచి జీమెయిల్‌కు ఇంకేం వెళుతున్నాయి? అధ్యాపకులకు కళాశాల చిరునామాలు ఇచ్చి, వాటికి వచ్చే మెయిళ్లను వారి సొంత జీమెయిల్‌కు మళ్లిస్తున్నారా? లాగ్‌లో ఆగిన వరుసలను చూడండి. ‘టు’ పక్కన ‘ఆరిజ్ టు’ అని మరొక చిరునామా ఉంటే అది మళ్లింపు మెయిల్.

కరీంనగర్_కుర్రాడు

సున్నా_బౌన్స్ గారు లాగ్ చూడకుండానే జాతకం చెప్పేశారు. దక్షిణ ఎక్కడ సమర్పించాలి?

పరీక్షల_విభాగం

రెండూ నిజమే. ‘ఆల్వేస్ బీసీసీ’ ఉంది. మళ్లింపులు కూడా ఉన్నాయి: అధ్యాపకులు, కార్యాలయ సిబ్బంది, ఇప్పటికే వెళ్లిపోయినవారి పేర్లతో సహా అలియాస్ (మళ్లింపు చిరునామాల) పట్టికలో మూడు వందలకు పైగా. కళాశాల వెబ్‌సైటులో విభాగాధిపతుల చిరునామాలు బహిరంగంగా ఉన్నందువల్ల వాటికి వచ్చే స్పామ్ అంతా మా సర్వర్ గుండా, మా ఐపీ ముద్రతో, జీమెయిల్‌కు వెళుతోంది. నకలు నియమం వల్ల ఆ స్పామ్‌కు కూడా మరొక ప్రతి తయారవుతోంది! మామూలు రోజుల్లో కూడా అప్పుడప్పుడు 421 వస్తూనే ఉన్నదని పాత లాగ్‌లు చెబుతున్నాయి. రోజుకు కొద్ది మెయిళ్లే కాబట్టి ఎవరూ గమనించలేదు. ఫలితాల రోజున అదే ఐపీ నుంచి ఒక్కసారిగా వేల మెయిళ్లు బయలుదేరేసరికి సమస్య అందరికీ కనబడింది.

మళ్లింపులు తీసేస్తానంటే అధ్యాపకులు ఒప్పుకునేలా లేరు.

లాగ్_చదువరి

తీసేయడం కుదరకపోతే వరుస మార్చండి. స్పామ్ వడపోత మళ్లింపు కంటే ముందు జరగాలి. స్పామ్ అని గుర్తించిన దానిని స్థానికంగా ఒక ఫోల్డర్‌లో ఉంచాలి తప్ప బయటికి మళ్లించకూడదు. వెళ్లిపోయినవారి అలియాస్‌లను మాత్రం ఎవరినీ అడగనవసరం లేదు, ఈరోజే తొలగించండి. మళ్లింపులో ఎస్‌పీఎఫ్ చెడిపోతుందన్న సంగతి కూడా గుర్తుండాలి. మెయిల్ అసలు పంపినవారి డొమైన్ పేరుతో మీ ఐపీ నుంచి వెళుతుంది కదా. దానికి ఎస్‌ఆర్‌ఎస్ అనే చిరునామా మార్పు పద్ధతి ఉంది కాని, వడపోత లేకుండా దానిని పెడితే ఆ స్పామ్‌కు మీ డొమైన్ పేరును కూడా మీరే జోడించినట్టవుతుంది. ఆ రెండింటిలో ముందు చేయవలసింది వడపోతే.

డాలస్_తెలుగు

మా ఊరి తెలుగు సంఘం వార్తాలేఖ నేను చూస్తాను. మా సభ్యుల్లో పెద్దవారు చాలామంది ఇరవై ఏళ్లుగా యాహూ చిరునామాలే వాడుతున్నారు. అక్కడ వచ్చే సమాధానం వేరుగా ఉంటుంది: 421 4.7.0, దాని పక్కన టీఎస్‌ఎస్04 అన్న గుర్తు. ఊహించని పరిమాణం వల్లనో, వాడుకరుల ఫిర్యాదుల వల్లనో తాత్కాలికంగా ఆపామని అందులో ఉంటుంది.

మేము ఏడాదంతా నెలకొక లేఖ పంపి, ఉగాది, సంక్రాంతి వేడుకల ముందు వారంలో మాత్రం రోజుకొకటి పంపేవాళ్లం. ఆ వారంలోనే ఆగేవి. సంఘంలో చర్చించి రెండు పనులు చేశాం. రెండేళ్లుగా ఒక్క లేఖనైనా తెరవనివారికి పంపడం ఆపాం, చిరునామాల పట్టిక మూడో వంతు తగ్గింది. వేడుకల వార్తలను ఒకే లేఖలో కలిపాం. కార్యవర్గంలో కొందరికి నచ్చలేదు, ‘మన సభ్యుల సంఖ్య తగ్గినట్టు కనబడుతుంది’ అన్నారు. మెయిల్ తెరవనివారు వేడుకకు కూడా రావడం లేదని భోజనాల లెక్క చూపించాక మాట్లాడలేదు.

మేఘాల_మీద

ఇంత తర్జనభర్జన ఎందుకు? సొంత మెయిల్ సర్వర్ నడపడం ఈ రోజుల్లో అనవసరమైన శ్రమ. అమెజాన్ ఎస్‌ఈఎస్ వంటి మెయిల్ పంపే సేవకు అప్పగించండి, ఈ 421ల గొడవ వారే చూసుకుంటారు.

క్యూ_కాపలాదారు

అప్పగించడం మంచి ఆలోచనే కాని, పరిమితి అక్కడితో పోదు, చోటు మారుతుంది. ఎస్‌ఈఎస్‌లో కొత్త ఖాతా శాండ్‌బాక్స్‌లో, అంటే ప్రయోగ దశలో ఉంటుంది. 24 గంటలకు 200 మెయిళ్లు, సెకనుకు ఒకటి, అదీ ముందుగా ధ్రువీకరించిన చిరునామాలకే. దాని నుంచి బయటపడటానికి విడిగా అభ్యర్థించాలి. ఆ తరువాత కూడా మీకు కేటాయించిన వేగం దాటితే 454 థ్రాట్లింగ్ ఫెయిల్యూర్ అన్న సమాధానం వస్తుంది. మెయిళ్లను ఎస్‌ఈఎస్‌కు అందించే మీ ప్రోగ్రాం ఆ 454ను చూసి ఆగి తిరిగి ప్రయత్నించేలా రాయకపోతే, పోస్ట్‌ఫిక్స్ క్యూలో భద్రంగా ఉండవలసినవి నిజంగానే పోతాయి.

పైగా ఈ కళాశాల అసలు సమస్య మళ్లింపు స్పామ్. దానిని శుభ్రం చేయకుండా ఎస్‌ఈఎస్‌కు తీసుకువెళితే ఫిర్యాదుల శాతం చూసి వారు ఖాతానే నిలిపివేయగలరు.

మేఘాల_మీద

అంగీకరిస్తాను. మెమోలను మాత్రం అటు పంపి, మళ్లింపులను ఇక్కడే ఉంచితే రెండూ విడిపోతాయి కదా. నా ఉద్దేశం అదే.

క్యూ_కాపలాదారు

ఆ రూపంలో అయితే నాకూ అభ్యంతరం లేదు. విడదీయడమే ముఖ్యం. అది మరొక సేవ ద్వారా అయినా సరే, అదే సర్వర్ మీద రెండో ఐపీ ద్వారా అయినా సరే. ఒక్క మాట: రెండో ఐపీ కొత్తదైతే మొదటి రోజే దాని మీద 6200 మెయిళ్లు వేయకూడదు. మొదట్లో వందల్లో పంపుతూ కొన్ని వారాలపాటు పెంచుకుంటూ పోవాలి. ‘ఐపీ మార్చేస్తే సరి’ అన్న పైవారి సలహా బెడిసికొట్టేది అందుకే. చరిత్ర లేని ఐపీకి పాత ఐపీ కంటే తక్కువ వేగమే అనుమతిస్తారు.

పరీక్షల_విభాగం

నకలు పెట్టెను స్థానికంగా మార్చాను, పనికిరాని అలియాస్‌లు తొలగించాను, వడపోతను మళ్లింపుకు ముందుకు తెచ్చాను. ఇప్పుడు వేగం తగ్గించడం మిగిలింది. పోస్ట్‌ఫిక్స్‌లో ఒక్క జీమెయిల్‌కు మాత్రమే వేగం తగ్గించే మార్గం ఉందా? మొత్తం సర్వర్‌ను నెమ్మది చేయడం నాకు ఇష్టం లేదు.

సున్నా_బౌన్స్

ఉంది. పోస్ట్‌ఫిక్స్ సేవల జాబితా ఉండే మాస్టర్ డాట్ సీఎఫ్‌లో ఎస్‌ఎంటీపీ సేవకు ‘స్లో’ అన్న పేరుతో మరొక వరుస చేర్చండి. ఏ గమ్యానికి ఏ సేవ వాడాలో చెప్పే ట్రాన్స్‌పోర్ట్ పట్టికలో జీమెయిల్ డాట్ కామ్ ఎదురుగా ఆ ‘స్లో’ను చూపండి, ఆ మార్పు అమలు కావడానికి పోస్ట్‌మ్యాప్ ఆదేశం నడపడం మరవకండి. తరువాత మెయిన్ డాట్ సీఎఫ్‌లో ఆ సేవ పేరుతో ‘డెస్టినేషన్ రేట్ డిలే’ను 1 సెకనుగా పెట్టండి. మామూలుగా పోస్ట్‌ఫిక్స్ ఒకే గమ్యానికి ఏకకాలంలో 20 డెలివరీల వరకు వెళ్లగలదు. రేట్ డిలే పెట్టిన క్షణం నుంచి ఒకదాని తరువాత ఒకటిగా, మధ్యలో అంత విరామంతో వెళతాయి.

సెకను విరామం అంటే గంటకు గరిష్ఠంగా 3600, కాబట్టి మీ 6200 మెమోలకు విరామాలకే సుమారు గంటా ముప్పావు పడుతుంది. 2 సెకన్లు పెడితే దాదాపు మూడున్నర గంటలు. మార్కుల మెమోకు మూడున్నర గంటల ఆలస్యం ఎవరి భవిష్యత్తునూ మార్చదు, కనుక నేనైతే 2తో మొదలుపెడతాను.

ఇక్కడ చాలామంది పడే ఒక గుంత ఉంది. ఎక్కడో చదివి ‘డెస్టినేషన్ రెసిపియెంట్ లిమిట్’ను (ఒక్కో డెలివరీలో ఉండగల గ్రహీతల సంఖ్య) 1గా పెడతారు, ఇంకా జాగ్రత్తగా ఉన్నామనుకుంటారు. ఆ విలువ 1 అయితే పోస్ట్‌ఫిక్స్ దృష్టిలో ‘గమ్యం’ అన్న మాటకు అర్థం మారిపోతుంది. అప్పుడు గమ్యం అంటే జీమెయిల్ డొమైన్ కాదు, ఒక్కొక్క విద్యార్థి చిరునామా. విరామం ఒకే విద్యార్థికి వెళ్లే రెండు మెయిళ్ల మధ్య మాత్రమే వర్తిస్తుంది, వేర్వేరు విద్యార్థులకు మళ్లీ సమాంతరంగా వెళతాయి. విరామం పెట్టాం, అయినా 421 వస్తోందని వాపోయేవారి దగ్గర నేను మొదట చూసేది ఈ వరుసే. దానిని 1 కంటే ఎక్కువగానే ఉంచండి.

రాత్రి_డ్యూటీ

మా సర్వర్‌లో ఆ లిమిట్ 1గానే ఉందని ఇప్పుడే చూశాను. ఫ్లష్ మీద నేను అనవసరంగా నమ్మకం పెట్టుకోలేదని ఎవరైనా అంటే సంతోషిస్తాను.

కరీంనగర్_కుర్రాడు

ఎవరూ అనరు.

లాగ్_చదువరి

సున్నా_బౌన్స్ గారి పద్ధతికి ఒక చేర్పు. కొన్ని కళాశాలలు, కంపెనీలు తమ సొంత డొమైన్ మెయిల్‌ను గూగుల్ వర్క్‌స్పేస్ అనే సంస్థల సేవలో నడుపుతాయి. పోస్ట్‌ఫిక్స్‌కు అవి వేర్వేరు గమ్యాలు, చేరేది మాత్రం అవే గూగుల్ సర్వర్లకు. అటువంటి డొమైన్లు మీ పట్టికలో ఎక్కువగా ఉంటే వాటిని కూడా ‘స్లో’లో చేర్చాలి.

మరొకటి, వేగంతో నిమిత్తం లేనిది. వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలకు ఒక్కరోజులో 5000 లేదా అంతకు మించి పంపే డొమైన్‌ను గూగుల్ పెద్ద పంపిణీదారుగా లెక్కిస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి అటువంటివారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్‌తో పాటు డీమార్క్ రికార్డు (ఆ ధ్రువీకరణ నెగ్గని మెయిల్‌ను ఏం చేయాలో చెప్పేది) కూడా తప్పనిసరి, స్పామ్ ఫిర్యాదుల శాతం 0.3కు చేరకూడదు, 0.1 లోపు ఉంచుకోవడం మంచిది. ఒక్కసారి ఆ హద్దు దాటినా ఆ హోదా శాశ్వతంగా ఉండిపోతుంది. ఫలితాల రోజు పుణ్యమా అని మీరు ఇప్పటికే ఆ జాబితాలో ఉండి ఉంటారు. ఒక్క క్లిక్‌తో చందా మానుకునే లింకు ప్రచార మెయిళ్లకే తప్పనిసరి కాబట్టి మెమోలకు అది అక్కర్లేదు. డీమార్క్ గురించి మీరు ఏమీ చెప్పలేదు.

ధ్రువీకరణ లోపిస్తే వచ్చే తాత్కాలిక సమాధానాల చివరి సంఖ్యలు కూడా వేరుగా ఉంటాయి. ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ లేకపోతే 4.7.26, ఎస్‌పీఎఫ్ నెగ్గకపోతే 4.7.27, డీకిమ్ నెగ్గకపోతే 4.7.30. వాటికి వేగం తగ్గించడం మందు కాదు, గంటకు ఒక్కటే పంపినా అవి వస్తూనే ఉంటాయి.

ఆస్పత్రి_ఐటీ

ఇంతవరకు ఆలస్యమైనా నష్టం లేని మెయిళ్ల గురించే మాట్లాడారు. మా ఆస్పత్రిలో రోగులు నివేదికలు చూసుకోవడానికి ఓటీపీ మెయిల్‌లో వెళుతుంది, దాని గడువు పది నిమిషాలు. ఒకసారి ఆరోగ్య శిబిరం ప్రకటనను అందరికీ ఒకేసారి పంపినప్పుడు పరిమితి పడింది. ఓటీపీలు కూడా అదే ఐపీ నుంచి వెళ్లేవి కనుక అవీ ఆగాయి, గడువు ముగిసిన తరువాత చేరాయి. రోగి మళ్లీ నొక్కితే మరొక ఓటీపీ అదే క్యూలో చేరేది, అంటే రద్దీని పెంచే పనిలో రోగులు కూడా తెలియకుండా పాలుపంచుకున్నారు.

అప్పటి నుంచి ఓటీపీలకు వేరే ఐపీ, వేరే సబ్‌డొమైన్ కేటాయించాం. పరీక్షల_విభాగం గారు విద్యార్థుల పాస్‌వర్డ్ మార్పు మెయిళ్లను ఎక్కడి నుంచి పంపుతున్నారో చూసుకోవాలి. ‘స్లో’లో జీమెయిల్ మొత్తాన్ని పెడితే, మెమోల వెనుక నిలబడిన పాస్‌వర్డ్ మెయిల్ కూడా మూడున్నర గంటలు ఆగవచ్చు.

సున్నా_బౌన్స్

ఇది నేను చెప్పవలసిన విషయం, ఆస్పత్రి_ఐటీ గారు చెప్పారు. ట్రాన్స్‌పోర్ట్ పట్టిక గమ్యాన్ని బట్టి విడదీస్తుంది, పంపేవారిని బట్టి కాదు. పంపేవారి చిరునామాను బట్టి విడదీయడానికి ‘సెండర్ డిపెండెంట్ డీఫాల్ట్ ట్రాన్స్‌పోర్ట్’ పట్టిక వేరుగా ఉంది. మెమోలను పంపే చిరునామా ఒక్కదానినే అందులో ‘స్లో’కు చూపండి, ట్రాన్స్‌పోర్ట్ పట్టికలోని జీమెయిల్ వరుసను తీసేయండి, ఎందుకంటే రెండూ ఉంటే ట్రాన్స్‌పోర్ట్ పట్టిక మాటే నెగ్గుతుంది. అప్పుడు లాగ్_చదువరి గారి వర్క్‌స్పేస్ డొమైన్ల చేర్పు కూడా విడిగా అవసరం లేదు, మెమోలన్నీ గమ్యం ఏదైనా నెమ్మదిగానే వెళతాయి.

పరీక్షల_విభాగం

డీమార్క్ లేదు, ఇప్పుడు పెట్టాను. మెమోల చిరునామాకు విడిగా ‘స్లో’, 2 సెకన్ల విరామం. సప్లిమెంటరీ ఫలితాల మెమోలు నిన్న పంపాం, సంఖ్య మామూలు ఫలితాల కంటే బాగా తక్కువ. 450 4.2.1 ఒక్కటి కూడా రాలేదు. 421 మధ్యలో కొద్దిసేపు కనిపించింది, ఎవరూ ముట్టుకోలేదు, సాయంత్రానికి క్యూ దానంతట అదే ఖాళీ అయింది. మిగిలినవి రెండు మూడు 452 4.2.2, అంటే విద్యార్థుల పెట్టెలే నిండిపోయాయి. వారికి నోటీసు బోర్డు ద్వారా తెలియజేశాం.

పాస్‌వర్డ్ మెయిళ్లు అదే సమయంలో ఆలస్యం లేకుండా వెళ్లాయి. పైవారికి ఐపీ మార్పు అవసరం లేదని రాతపూర్వకంగా వివరించవలసి వచ్చింది, లాగ్_చదువరి గారి మొదటి సమాధానాన్ని కొంత వాడుకున్నాను.

క్యూ_కాపలాదారు

గూగుల్ వారి పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో డొమైన్‌ను నమోదు చేసి పెట్టండి. ఫిర్యాదుల శాతం పెరిగినప్పుడు ఫలితాల రోజు వరకు ఆగకుండా ముందే తెలుస్తుంది. క్యూ పరిస్థితి చూడటానికి మెయిల్‌క్యూ వరుసలు లెక్కపెట్టే బదులు ‘క్యూషేప్’ వాడండి. ఏ డొమైన్‌కు ఎన్ని మెయిళ్లు, ఎన్ని నిమిషాలుగా ఆగి ఉన్నాయో ఒకే పట్టికలో చూపిస్తుంది. పాతవి తగ్గుతూ ఉంటే పరిమితి సడలుతోందని అర్థం.

చిన్న_హోస్టింగ్

మా సర్వర్లలో ఉన్నది పోస్ట్‌ఫిక్స్ కాదు, ఎగ్జిమ్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రాం. అందులో తిరిగి ప్రయత్నించే విరామాలు ఎలా ఉంటాయో ఎవరికైనా తెలుసా? 421 వచ్చిన మెయిల్ ఒక్కోసారి ఉదయం నుంచి రాత్రి దాకా కదలడం లేదు.

లాగ్_చదువరి

ఎగ్జిమ్‌తో పాటు వచ్చే నియమం ప్రకారం మొదటి 2 గంటలు 15 నిమిషాలకొకసారి ప్రయత్నిస్తుంది. ఆ తరువాత 16 గంటలు నిండే వరకు, గంటతో మొదలుపెట్టి ప్రతిసారీ ఒకటిన్నర రెట్లు పెంచుకుంటూ పోతుంది. ఆపై 4 రోజుల వరకు 6 గంటలకొకసారి. మొదటి రెండు గంటలలో పరిమితి తొలగకపోతే విరామాలు త్వరగా పెద్దవవుతాయి, మీకు కనబడుతున్నది అదే. రెండో దశలో పెరుగుదల లేకుండా గంటకొకసారి అని ఆ డొమైన్‌కు మాత్రమే వేరే నియమం రాసుకోవచ్చు. 15 నిమిషాల దశను మాత్రం పొడిగించకండి.

చిన్న_హోస్టింగ్

గంట నియమం పెట్టాను. రాత్రికి చూసి ఇక్కడే రాస్తాను.